వంత కోసం ఆగిన పాట

సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు కోసం కూర్చుంటే, పక్క బెంచీ మీద ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఒకే ఫోనులోకి తలలు దూర్చి మా పాట చూస్తున్నారు. మా పాట అంటే నేను పాడింది కాదు, నేను పాడితే బస్టాండు ఖాళీ అవుతుంది. మా మేనత్త పాడింది, ఆమె మనవరాలు వీడియో తీసింది. మోత మోగించే డీజే, కాలువ కట్ట మీద మోటారు సైకిలు వేసుకుని ఒక అబ్బాయి, గొర్రెల మంద పక్కన డోళ్లు కొట్టే ఒగ్గు కళాకారులు, అలిగి పుట్టింటికి వచ్చిన ఒక పిల్ల. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి. మడిలో ఒక ముసలామె ఒక్క చరణం పాడి ఊరుకుంటుంది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. "గీడ సూడవే, ఎడిటింగ్ ఏం కొట్టిన్రే! మొత్తం ఆపేసి పరేషాన్ చేసిన్రు" అంది ఒక అమ్మాయి. అది ఎడిటింగ్ కాదు తల్లీ అని నోటిదాకా వచ్చింది. ముసలాయన మాటలు పెట్టుకుంటున్నాడని లేచి పోతారేమోనని మింగేశాను.

ఎడిటింగ్ సంగతి నాకు కొంచెం తెలుసు. మిర్యాలగూడలో చాలా ఏళ్లు పెళ్లి వీడియోలు తీశాను. పెళ్లికూతురిని తామరపువ్వులోంచి పుట్టించి, పెళ్లికొడుకును పావురం రెక్కల మధ్య ఎగరేసిన పాపిష్టి చేతులు ఇవే. అందుకే ఈ వీడియోను నేను చూసే చూపు వేరు. డీజే, డోలు, నాట్ల పాట ఒకే విస్తట్లో వడ్డించినంత మాత్రాన కలవవు, పులుసు పోయాలి. ఈ వీడియోలో ఆ పులుసు కథ. డీజే మోగినప్పుడల్లా అబ్బాయి వచ్చి బండి మీద బతిమాలుతాడు. డోలు మోగినప్పుడు పెద్దమనుషులు వచ్చి బుద్ధులు చెబుతారు. పిల్ల ఇద్దరి మాటా వినదు. అవ్వ పాట దగ్గర మాత్రం కాలు కదుపుతుంది. ఒక్కో బాణీ ఒక్కో మనిషన్నమాట. ఇక నటన అంటారా, అబ్బాయి నటించాడు, పిల్ల ఇంకా బాగా నటించింది. మా అత్త మాత్రం నటించలేదు. ఆమె నిజంగానే ఎదురుచూస్తోంది. ఎవరి కోసమో తెలియాలంటే నా ఘనకార్యం ఒకటి చెప్పాలి.

అత్తది పాలకీడు పక్క ఊరు. పసుపు దంచినా, నాటు వేసినా ఆమె ఎత్తుకుంటే ఆమె తోడికోడలు అందుకునేది. ఆమెను నేను చిన్నత్త అంటాను. అత్త "పసుపు దంచుదాము రావె చెల్లెలా" అంటే, చిన్నత్త "పసుపు దంచుదాము వస్తినక్కయ్యా" అనేది. దాన్నే వంత అంటారు. వంత రానిదే రెండో చరణం లేదు, అది అక్కడి కట్టుబాటు. అత్త కూతురి పెళ్లికి వీడియో నేనే తీశాను. అప్పుడే దుకాణం పెట్టిన పొగరు. మిక్సింగ్ దగ్గర కూర్చుని ఆ పాట వింటే, ఒకే లైను రెండేసి సార్లు పాడుతున్నారు, టేపు దండుగ అనిపించింది. రెండోసారి పాడిందల్లా కత్తిరించేశాను. అంటే చిన్నత్తను గొంతుతో సహా, మొహంతో సహా తీసేశాను. చివరి మాట వేరన్నది నా చెవికి ఎక్కనే లేదు.

పెళ్లయిన పదిహేను రోజులకు ఇంటిముందు టీవీ పెట్టి చుట్టాలందరికీ ఆ క్యాసెట్ వేశారు. తెర మీద అత్త రావె చెల్లెలా, రావె చెల్లెలా అని పిలుస్తూనే ఉంది. వచ్చినవాళ్లు లేరు. "ఏమే, మీ అక్క గంతగనం పిలుస్తుంటే పోలేదా?" అని ఎవరో చిన్నత్తను ఆటపట్టించారు. అందరూ నవ్వారు. చిన్నత్త లేచి వెళ్లిపోయింది. అక్కే చెప్పి తనను తీసేయించిందని ఆమె నమ్మకం. తన బిడ్డ పెళ్లి క్యాసెట్ చూసి ఓర్వలేక లేచిపోయిందని అత్త మంట. ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు. నేను చెప్పలేదు. దుకాణం పేరు పోతుందని మొదట భయపడ్డాను, ఆ తర్వాత ఇన్నాళ్లకు చెబితే ఏమనుకుంటారోనని భయపడ్డాను. ఇరవై ఏళ్లు గడిచాయి. పక్కపక్క మళ్లే, మధ్యలో ఒకటే గట్టు. మాటల్లేవు. పాట అసలే లేదు.

పోయిన నాట్ల కాలంలో అత్త మనవరాలు ఈ వీడియోకు పూనుకుంది. అత్తను కోదాడ తీసుకుపోయి రికార్డింగ్ గదిలో నిలబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. అత్త ఒక చరణం పాడి ఆగింది. వంత తర్వాత కలుపుతామని మనవరాలు అంటే, "పిలిస్తే పలికేటోళ్లు లేకుంట నేనెట్ల పాడాలె బిడ్డా? గోడకు పాడాల్నా?" అని హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పెట్టింది. ఇక లాభం లేదని మడిలోనే తీయాలనుకున్నారు. కెమెరా సంగతి తెలిసినవాణ్ని కదా, నన్నూ రమ్మన్నారు. నాటు వేసేవాళ్లంతా వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలు, పాపం వాళ్లకు మన పాటేం తెలుసు? అత్త నడుం వంచి "కాలువ నీళ్లొచ్చె రావె చెల్లెలా" అంది. ఆగింది. గట్టు అవతల చిన్నత్త నారు పీకుతోంది, తల ఎత్తలేదు. మనవరాలు నా దగ్గరికి వచ్చి, "మామా, నాయనమ్మ మర్సిపోయిందా?" అని అడిగింది. మరిచిపోయి ఉంటే ఎంత బాగుండునో!

ఇక దాచడం నావల్ల కాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీదికి నడిచాను. "చిన్నత్తా, పెండ్లి క్యాసెట్ల నిన్ను తీసేసింది అత్త కాదు, నేను. ఒకటే లైను రెండుసార్లు అంటున్నరనుకొని తీసేసిన" అన్నాను. ఆమె నారుకట్ట కింద పెట్టింది. "ఇరవై ఏండ్లు నోట్ల ఏం పెట్టుకున్నవ్‌రా?" అంది. భయమన్నాను. "నీ మొకం మండ! ఆమె రమ్మన్నది, నేనొచ్చిన. గంతే కద పాట! గది గూడ తెల్వదారా నీకు?" అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని మళ్లీ నారు మీదికి వంగింది. అయ్యో, చెప్పీ చెడ్డానే అనుకున్నాను. గట్టు ఇవతల అత్త అంతా విన్నది. నా వైపు చూడను కూడా లేదు. మళ్లీ వంగి, ఈసారి కొంచెం మెల్లగా "కాలువ నీళ్లొచ్చె రావె చెల్లెలా" అని ఆగింది. కెమెరా తిరుగుతూనే ఉంది. అప్పుడు గట్టు అవతల నుంచి, బొంగురుపోయిన గొంతుతో, "కాలువ నీళ్లొచ్చె వస్తినక్కయ్యా" అని వినిపించింది. వినిపించడమే కాదు, మనిషే చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గట్టు దాటి వస్తోంది. ఆ తర్వాత ఎన్ని చరణాలు పాడారో మనవరాలు లెక్కపెట్టలేకపోయింది, బ్యాటరీ ఖతం అయింది.

ఆ నడిమి ఖాళీని తీసేద్దామంది మనవరాలు. "అంతసేపు చప్పుడు లేకుంటే జనం పైకి జరుపుతరు మామా." నేను చేతులు పట్టుకుని బతిమాలాను. ఒక్క ముక్క కూడా కత్తిరించవద్దని జీవితంలో మొదటిసారి చెప్పాను. ఇప్పుడు చూడండి, ఈ అమ్మాయిలు అక్కడికే వెనక్కి జరుపుకుని మళ్లీ చూస్తున్నారు. కోదాడ బస్సు వచ్చినా నేను లేవలేదు, ఆ వంత వినే లేద్దామని. అత్త పిలుపుకూ చిన్నత్త బదులుకూ మధ్య ఫోనులో కనిపించేది ఏడు సెకన్లే. మిగతా ఇరవై ఏళ్లూ నేను కత్తిరించినవి.