మెట్టెల కింద కాపురం

మా అమ్మ కాలివేళ్లకు మెట్టెలు పెళ్లినాడు తొడిగారు. మళ్లీ ఊడింది లేదు. పొలానికి, కొండకు, కాన్పులకు, ఆమె ఎక్కడికి పోతే అవీ అక్కడికి పోయాయి. వాటి కింద ఇంకెవరో కాపురం పెట్టారన్న సంగతి మాత్రం ఆ వానాకాలం దాకా బయటపడలేదు.

మొదట దురద వచ్చింది. దురదను మా అమ్మ జబ్బుల్లో లెక్కవేయదు. గొర్రెలున్న ఇంట్లో దురద చుట్టం లాంటిది, వచ్చి కొన్నాళ్లుండి పోతుంది. తర్వాత కుడికాలి మెట్టె వేలి గోరు పసుపు రంగుకు తిరిగి, దళసరిగా పెరిగి, అంచున పొడిపొడిగా రాలసాగింది. మెట్టె కింద చర్మం తెల్లగా నానిపోయింది. షుగర్ ఉన్న మనిషి, కాలు జాగ్రత్త అని నేను మార్కాపురం నుంచి పోయినప్పుడల్లా అరిచేదాన్ని. నాకు కోపం ముందు వస్తుంది, తర్వాతే మాట. ఇంట్లో వాళ్లకు అది అలవాటైపోయి, నా కోపం తగ్గేదాకా వేరే పని చూసుకునేవారు.

చర్మానికి సంబంధించిన సమస్తానికీ మా ఇంట్లో ఒకటే ట్యూబు. గూట్లో అద్దం వెనక ఉంటుంది. మెడికల్ షాపులో దురదకని అడిగితే ఇచ్చింది. నాయన తొడ మీది తామరకు అదే, అమ్మ వేలికి అదే, ఒకసారి కుక్క చెవికీ అదే పూయడం నేను కళ్లారా చూశాను. పూయగానే ఎరుపు తగ్గుతుంది. తగ్గగానే ట్యూబు అద్దం వెనక్కి పోతుంది. ఆ తర్వాత దురద రెట్టింపై వస్తుంది. ఈ వ్యవహారాన్నంతా కలిపి మా వాళ్లు "మందు బాగా పనిచేస్తాది" అనేవారు.

ట్యూబుకు లొంగకపోయేసరికి నాయన రంగంలోకి దిగాడు. వానాకాలంలో జీవాల గిట్టలు చీముపడితే మైలుతుత్తం కలిపిన నీలి నీళ్లు లోతులేని తొట్టెలో పోసి, దొడ్డి వాకిట్లో పెట్టి, మందను దాంట్లోనుంచి నడిపిస్తాడు. గొర్రె గిట్టకు పనిచేసేది మనిషి గోటికి ఎందుకు చేయదని ఆయన వాదం. అమ్మ ఒక్కతే తొట్టెలో నిలబడితే చూసినవాళ్లు నవ్వుతారట. అందుకని మందలో కలిసి నడిచింది. ముందు పొట్టేలు, వెనక ఈనిన గొర్రె, మధ్యలో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మా అమ్మ. నవ్వడానికి అప్పుడు ఎవరికీ ఏమీ మిగల్లేదన్నట్టు!

గొర్రెలకు నయమైంది. అమ్మ పాదాలు నీలంగా మారి, వేళ్ల సందులు పగిలాయి. తర్వాత కాలు మోకాలి దాకా ఎర్రగా వాచి, వణుకుతో జ్వరం వచ్చింది. అప్పుడు ఫోను చేశారు నాకు.

మార్కాపురంలో చర్మవ్యాధుల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముందు వాపుకు, జ్వరానికి మందులిచ్చి అది తగ్గించింది. తర్వాత గోటి కింద గీకి, ఆ పొడిని గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపులో చూసి, నన్నూ చూడమంది. చూశాను. దారాలు, వాటి మధ్య పూసలు. మా అమ్మ కాలివేలు అంత అందంగా ఉంటుందని నేననుకోలేదు.

"ఇవి రెండు రకాల ఫంగస్సులు పెద్దమ్మా," అంది డాక్టరమ్మ. "దారాల మాదిరి ఉండేది గోరును తింటూ పోతుంది. పూసల మాదిరి ఉండేది తడి ఉంటే చాలు, బతుకుతుంది. వేరువేరుగా ఉంటే మందుకు తొందరగా లొంగేవి. ఇవి కలిసి, చుట్టూ జిగురు చేసుకుని దాన్ని కప్పుకుని ఉన్నట్టున్నాయి. మీరు పూసింది ఆ కప్పు దాటి లోపలికి పోలేదు. పైగా ఆ ట్యూబు ఎరుపును దాస్తుంది, వీటిని మేపుతుంది."

అమ్మ శ్రద్ధగా విన్నది. "కలిసుండాయంటే మంచివే గదా తల్లీ. మా మరుదులు ఒక్క గోడ కింద ఏడాది ఉండలేకపాయిరి."

"మంచివే, మీకు కాదు," అంది డాక్టరమ్మ. పగుళ్లలోనుంచి వేరే క్రిములు దూరితేనే కాలు అట్లా వాచిందని, షుగర్‌తో ఇంకోసారి అట్లా అయితే వేలు తీసేయవలసి రావచ్చని, వేలితో ఆగకపోవచ్చని కూడా చెప్పింది. నెలల తరబడి మాత్రలు వేసుకోవాలి. గోరు అరగదీస్తూ ఉండాలి. కాలు పొడిగా ఉండాలి. అన్నిటికంటే ముందు మెట్టెలు తీసేయాలి.

అమ్మ తలుపు వైపు చూపించి, గొంతు తగ్గించి, "మీ పెద్దనాయన బయట కూసోనుండాడు తల్లీ. బతికే ఉండాడు," అంది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నా వేళ్లు చూపించాను. బూట్లలో ఒరుసుకుంటున్నాయని నేను మెట్టెలు తీసి ఎన్నో ఏళ్లయింది, మా ఆయన నిక్షేపంగా ఉండటమే కాదు, లావెక్కుతున్నాడు కూడా. "ఆయప్ప ఉద్యోగస్తుడు, ఆయనకేం గాదులే," అని కొట్టిపారేసింది అమ్మ.

ఇంటికి వచ్చాక నాయన వాకిట్లో నిలబడి ఊరికంతా వినబడేట్టు చెప్పాడు. "తీసెయ్యమను. నాకేంది? ఆమె కాలికి ఉంగరం ఉంటేనా నేను బతికేది?"

తెల్లారి మాత్రం జీవాలను తోలుకుపోలేదు. మోకాలు నొప్పి అన్నాడు. కాసేపటికి మోకాలు పోయి ఛాతీ వచ్చింది. గ్యాస్ కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు. మెట్టెలు తీసేలోగా గిద్దలూరు పోయి గుండెకు ఈసీజీ తీయించుకుంటే పోలా అన్నాడు. ఈలోగా కబురంది హనుమంతునిపాడు పక్కనుంచి మా మేనత్త దిగింది. వస్తూనే అమ్మ కాలి సంగతి అడగలేదు. తమ్ముడి మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, ఆయన ఊపిరి తీస్తున్నాడా లేదా చూడసాగింది. చూస్తున్నారంటే ఎవరికైనా ఊపిరి సరిగా ఆడదు. ఆయనకూ ఆడలేదు.

"చూడు, చూడు, ఎట్ల ఆయాసపడతాండాడో. ఇంకా తీయనే లేదు!" అంది అత్త.

రాజీ మార్గాలు మొదలయ్యాయి. పసుపుతాడు కట్టుకుంటే? డాక్టరమ్మకు ఫోను చేశాను, తాడు తడిగా ఉంటుంది, వద్దంది. నూలుపోగు? వద్దంది. పెన్నుతో గీస్తే? మూడోసారి ఆమె ఎత్తలేదు. చివరికి నేను, పదిమంది పిల్లలకు సైన్సు చెప్పే మనిషిని, మార్కర్ పెన్ను పట్టుకుని మా అమ్మ వేళ్ల చుట్టూ మెట్టెలు గీశాను. అత్త అద్దాలు పెట్టుకుని చూసి, చుట్లు తక్కువయ్యాయని ఇంకో చుట్టు గీయించింది.

అయినా అమ్మ అసలైనవి తీయనివ్వలేదు. కాలు ముడుచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నా కోపం ఎటో పోయింది. వేలు పోతుందన్న భయం ఆమెకు లేకపోలేదు. ఉన్న రెండు భయాల్లో అది చిన్నది, అంతే.

మంచం మీదనుంచి నాయన లేచాడు. ఛాతీ సంగతి మరిచిపోయి వచ్చి, చెయ్యి చాచాడు. "ఇట్ల తే. నీ కాలికి ఉంటే ఏంది, నా నడుముకు ఉంటే ఏంది? ఇంట్లోనే గదా ఉండేది."

అమ్మ ఒక్కొక్కటే తిప్పి తీసి ఆయన చేతిలో పెట్టింది. సరిగ్గా అప్పుడే ఆయనకు ఎక్కిళ్లు వచ్చాయి. అత్త కుర్చీలోంచి లేచి కేక వేసింది. అమ్మ మళ్లీ మెట్టెల కోసం చెయ్యి చాచింది. నేను నీళ్లు తాగించాను, ఎక్కిళ్లు ఆగాయి. ఆగాక కూడా అందరం ఆయన్నే చూస్తూ కాసేపు నిలబడ్డాం. ఆయన మెట్టెలను మొలతాడుకు ఎక్కించి ముడివేసుకుని, కర్ర తీసుకుని దొడ్డి వైపు పోయాడు. వాటిని కడగాలని ఎవరికీ తోచలేదు. సైన్సు చెప్పే నాకూ తోచలేదు.

అమ్మ మాత్రలు మానలేదు. గోరు మొదట్లోనుంచి సన్నగా, తెల్లగా కొత్తది రావడం మొదలైంది. నేను పోయినప్పుడల్లా చూపించేది, మొలక వచ్చిన మడి చూపించినట్టు. నాయన నడిస్తే పంచెలోనుంచి చిన్న గలగల వినబడేది. ఇంట్లో ఆయన ఎక్కడున్నాడో అమ్మకు వెతకకుండానే తెలిసేది.

కొన్ని నెలలకు ఆయన గోడకు నడుము రాసుకోవడం చూశాను. ఏంది నాయనా అంటే చెమటకాయ అన్నాడు. అద్దం వెనక చూస్తే, నేను పారేశాననుకున్న ట్యూబు కిందినుంచి పైదాకా చుట్టలు చుట్టి ఉంది. పంచె జారవిడవమని బలవంతం చేస్తే బయటపడింది. నడుము చుట్టూ ఎర్రని చుట్లు, మొలతాడు పొడవునా. మెట్టెలు వేలాడే చోట పచ్చిపుండు.

మళ్లీ అదే గది. డాక్టరమ్మ గీకింది, చూసింది, తల పట్టుకుంది.

"ఆ రెండేనా?" అన్నాడు నాయన. పాత పరిచయస్తులను అడిగినట్టు అడిగాడు.

"అవే. దారాలూ, పూసలూ. మెట్టెలతో పాటు తెచ్చుకున్నట్టున్నారు. మాత్రలిస్తాను పెద్దనాయనా. మెట్టెలు బాగా కడిగి ఇంట్లో పెట్టుకోండి. మొలతాడు తీసేయండి."

నాయన మొహం మారిపోయింది. రెండు చేతులతో నడుము పట్టుకున్నాడు. "అది తీసేది కాదు తల్లీ. ఇంటామె పోయినప్పుడు తెంపేది. పుండు పడితే పడనీ, నేను తీయను."

నాకు మా వాళ్ల చావులు గుర్తొచ్చాయి. మగాడిని కూర్చోబెట్టి నలుగురూ చుట్టూ నిలబడి ఆ దారం తెంపుతారు. తెంపించుకునేవాడు ఎప్పుడూ నేల చూపులే చూస్తాడు. నాయన ముక్కుసూటి మనిషి, వాకిట్లో నిలబడి మెట్టెలు తీసెయ్యమని అరిచిన మనిషి. ఇప్పుడు నడుము మీది చేతులు తీయడం లేదు. నేను బతిమాలాను. డాక్టరమ్మ బతిమాలింది. ఆయన కదల్లేదు.

అమ్మ లేచింది. బల్ల మీది ట్రేలో ఉన్న కత్తెర తీసుకుంది. అది ముట్టుకోకూడదమ్మా అని డాక్టరమ్మ అంటూనే ఉంది. అమ్మ ఆయన పంచె పక్కకు నెట్టి, చేతులు తీయమన్నట్టు ఆయన మణికట్టు మీద ఒక్కటి వేసింది.

"నేను సచ్చినాక ఎవురెవురో వచ్చి తెంపేదేంది? నీ ముందర నిలబడుండా. నేనే తెంపుతాండా. చూడు, బాగా చూడు."

దారం తెగింది. మెట్టెలు గచ్చు మీద పడి గలగలమని బల్ల కిందికి దొర్లాయి. నేను ఒంగి వాటిని దూదితో పట్టుకుని డాక్టరమ్మ ఇచ్చిన సీసాలో వేశాను. లేచేసరికి నాయన ఇంకా అట్లాగే నిలబడి అమ్మనే చూస్తున్నాడు.

"ఇంక నువ్వు పోకూడదు," అన్నాడు. "తెంపేదానికి నా మీద ఇంకేం లేదు."

"సర్లే, పోనులే. ముందు పంచె కట్టుకో," అంది అమ్మ.