పిట్టలత్తయ్య

ఫోనులో ఎవరినైనా సరే బాగున్నావా అని అడిగిన పాపాన పోదు అత్తయ్య. "నీ కిటికీ దగ్గర ఏం పిట్ట వాలింది?" అన్నదే ఆవిడ మొదటి మాట. కాలు విరిగి మంచంలో ఉన్నవాళ్లకూ, పరీక్ష తప్పి ఏడుస్తున్నవాళ్లకూ అదే ప్రశ్న. పెద్దతనంలో పట్టుకున్న పిచ్చి అనుకుని చుట్టాలంతా ఆవిడకు పిట్టలత్తయ్య అని పేరు పెట్టేశారు.

అందరికంటే ఎక్కువ విసిగిపోయింది మేనకోడలు. ఆ పిల్ల లిఫ్టులు బిగించే కంపెనీలో మెకానిక్కు. ఎక్కడ కొత్త భవనం లేస్తే అక్కడికి పంపేవారు. తల్లి పోయిన ఏడాదే ఉద్యోగంలో చేరింది. ఊరు మారేది, అద్దెగది మారేది, అత్తయ్య ప్రశ్న మాత్రం మారేది కాదు.

"పావురాలు అత్తయ్యా."

"జంటగా ఉన్నాయా, ఒంటిదా? లేచి చూసి చెప్పు తల్లీ."

పడుకున్నది లేచి, కిటికీ తెరిచి చూడాల్సిందే. సముద్రం పక్క ఊళ్లో తెల్లటి సముద్రపు పిట్టలు చేపముక్క కోసం కొట్టుకుంటే ఆ తగాదా మొత్తం చెప్పాలి. కొండల్లో ఉన్నప్పుడు వడ్రంగిపిట్ట చెట్టును పొడుస్తుంటే ఫోను బయటికి పెట్టి ఆ టకటకలు వినిపించాలి. "పాపం, దానికీ నీలాగే డ్యూటీ!" అనేది అత్తయ్య.

చివరికి మేనకోడలు అబద్ధాలకు దిగింది. "ఈరోజు నెమలి వచ్చింది అత్తయ్యా, బాత్‌రూమ్ వెంటిలేటర్లోంచి."

"తోక పట్టిందా?"

"మడుచుకుని వచ్చింది."

"మర్యాద తెలిసిన నెమలే!"

ఒక సాయంత్రం ఒళ్లంతా గ్రీజు, చెవుల్లో సూపర్‌వైజర్ తిట్లు. గదికి రాగానే ఫోను మోగింది.

"ఏం వాలింది తల్లీ?"

"ఏమీ వాలలేదు! నేను చచ్చానో బతికానో ఒక్కసారైనా అడిగావా అత్తయ్యా? నీకు పిట్టలుంటే చాలు, మనుషులు అక్కర్లేదు!"

"సరేలే తల్లీ, విశ్రాంతి తీసుకో," అని అత్తయ్య పెట్టేసింది.

ఆ తర్వాత అత్తయ్య నంబరు కనిపిస్తే మేనకోడలు ఫోను బోర్లా తిప్పేసేది. కొన్నాళ్లకు ఫోన్లే ఆగిపోయాయి. పీడ వదిలిందనుకుంది. కిటికీ తెరవడం కూడా మానేశానని గమనించనే లేదు.

అంతలో మామయ్య ఫోను చేశాడు. "మీ అత్తకు పక్షవాతం వచ్చిందమ్మా. ప్రాణానికి భయం లేదు. మాట పడిపోయింది."

దొరికిన బస్సెక్కి వచ్చిపడింది. అత్తయ్య గోడవైపు మంచంలో ఉంది. గదిలో పిట్టబొమ్మ కూడా లేదు. గుప్పెడు గింజలు పోసిన జాడ లేదు.

"పిట్టలంటే అంత ప్రాణం కదా మామయ్యా, ఇక్కడేమీ లేవేం?" అని వంటింట్లో అడిగింది.

మామయ్య టీ వడపోస్తూ నవ్వాడు. "మీ అత్తకా? కాకికీ కోయిలకీ తేడా తెలీదు. ఇంట్లోకి పావురం వస్తే మంచమెక్కి కేకలు పెడుతుంది!"

"మరి నన్నెందుకలా..."

"మీ అమ్మ పోయాక బాగున్నావా అంటే 'ఆఁ, బాగున్నా' అని పెట్టేసేదానివి. పిట్ట సంగతి అడిగితే లేచేదానివి, కిటికీ తీసేదానివి, నాలుగు మాటలు మాట్లాడేదానివి. ఆ గొంతును బట్టి తిన్నావో లేదో కనిపెట్టేసేది. నిన్నొక్కదాన్నే అడిగితే అనుమానిస్తావని ఊళ్లోవాళ్లందరినీ అడగడం మొదలెట్టింది. నువ్వు నెమలి వచ్చిందని కోతలు కోసినరోజు ఆవిడ సంబరం చూడాలి. పిల్ల వేళాకోళాలాడుతోందండీ, కోలుకుంటోందీ అని!"

మేనకోడలు తన చేతివంక చూసుకుంది. అడిగే నోరున్నప్పుడు ఫోను బోర్లా తిప్పిన చెయ్యి తనదే.

మంచం పక్కన కూర్చుని అత్తయ్య చెయ్యి పట్టుకుంది. పిట్టల ఊసెత్తలేదు. ఒంటరిగా తిన్న భోజనాలు, అమ్మ చీర కప్పుకుని పడుకోవడం, సూపర్‌వైజర్ తిట్లు, అన్నీ ఏకరువు పెట్టింది. వింటూ వింటూ అత్తయ్య కళ్లు మూసుకుంది.

మామయ్య మంచం దగ్గరికొచ్చి తొంగిచూసి, "ఇక ఆపమ్మా, ఆవిడ నిద్రపోయింది," అన్నాడు.

అత్తయ్య కళ్లు తెరవకుండానే, బాగున్న చేత్తో మామయ్య మోకాలి మీద ఒక్కటి వేసి, మేనకోడలివైపు వేళ్లు ఆడించింది, ఊఁ, తర్వాత ఏమైందో చెప్పమన్నట్టు.