తెల్వదని చెప్పిన మేడం

మా జువాలజీ మేడం పోయిందన్న సంగతి పొద్దున్నే ఫోన్‌లో చూశాను. డిగ్రీ స్నేహితుల గ్రూపులో ఎవరో ఆమె పాత ఫొటో పెట్టారు. గుండె ఆగిందనీ, మధ్యాహ్నం రామన్నపేటలో మట్టి చేస్తున్నారనీ కింద రెండు ముక్కలు రాశారు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం, ఈ మాట అమ్మకు ఎట్లా చెప్పాలని. నాకు ఆమె పాఠం చెప్పిన మనిషి. అమ్మకు అంతకన్నా ఎక్కువ. ఎందుకో చెప్పాలంటే నా ఒంటి సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. అందులో సిగ్గుపడేదేమీ లేదని నేర్పింది ఆమే కాబట్టి చెబుతాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను నల్లగొండలో డిగ్రీలో చేరాను. మేడం పొట్టి మనిషి, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. మేము చున్నీతో మైక్రోస్కోపు అద్దం తుడిస్తే చేతిమీద ఒక్కటిచ్చేది. తనే మరిచిపోయి కొంగుతో తుడుస్తుంటే మేము నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం. ల్యాబ్‌లో ఉడకబెట్టిన పల్లీలు తినేది, మాకూ పెట్టేది, పొట్టు కింద పడితే మాత్రం ఊరుకునేది కాదు. ప్రాక్టికల్ పరీక్షలో రాని ప్రశ్నకు మేము నీళ్లు నములుతుంటే మధ్యలోనే ఆపేసేది. “తెల్వదని చెప్పుండ్రి, నాలుకేం రాలిపోదు” అనేది. తెలియదన్న వాళ్లను ఎప్పుడూ తిట్టలేదు. వచ్చినట్టు నటించిన వాళ్లకు మాత్రం ఆ రోజు మూడినట్టే.

ఆడపిల్లలో అండాలు ఎట్లా తయారవుతాయో ఆమె చెప్పిన తీరు బాగా గుర్తుంది. పిండం కుదురుకున్న కొన్ని వారాలకే, ముందు ముందు అండాలు కావలసిన కణాలు ఎక్కడో అంచున పుట్టి, మెల్లగా ప్రయాణం చేసి అండాశయంలోకి చేరతాయి. అక్కడ ఒకటి రెండై, రెండు నాలుగై గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. ఐదో నెలకు లక్షల్లో ఉంటాయి. ఆ మాట చెబుతూ బోర్డు నిండా సున్నాలు చుట్టేది. తర్వాత డస్టర్ పక్కన పెట్టి అరచేత్తోనే ఒక్కొక్కటీ చెరిపేది. పుట్టేలోపే చాలావరకు చనిపోతాయి, చుట్టూ చిన్న కణాలు అంగీలా కప్పుకున్నవే నిలుస్తాయి. ఎలుకల్లో చూస్తే, పోయేవి తమలో ఉన్నదాన్ని పక్కదానికి ఇచ్చి పోతాయట. పుట్టిన తర్వాత కొత్తవి రావు, ఉన్నవి తరగడమే. “మీ మూట మీ అమ్మ కడుపులనే కట్టిండ్రు” అనేది. మేము పరీక్షలో అదంతా రాసి మార్కులు తెచ్చుకున్నాం.

పెళ్లయిన మూడో ఏడు నాకు నెలసరి ఆగింది. మొదట అందరూ సంతోషపడ్డారు. చౌటుప్పల్‌లో మేముండే కిరాయి ఇంటికి అత్తమ్మ మిఠాయి డబ్బాతో వచ్చింది. దవాఖానలో పరీక్షలు చేసి, ఇది కడుపు కాదు, అండాలు దాదాపు అయిపోయాయన్నారు. నాకప్పటికి పాతికేళ్లు కూడా లేవు. మా ఆయన బండి స్టార్ట్ చేశాడు. మంచివాడే, మాటలు రాని మంచివాడు. మాటలన్నీ అత్తమ్మకే వచ్చు. చదువుకునే రోజుల్లో ఏవో మాత్రలు మింగి ఉంటాననీ, వేళకు తినలేదనీ, నిద్ర లేకుండా ఫోన్ చూశాననీ పూటకో కారణం వెతికేది.

తట్టుకోలేక మేడంకు ఫోన్ చేశాను. ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి వచ్చేసింది. అమ్మ కూడా ఊరి నుంచి వచ్చి ఉంది. మేడం అత్తమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకొని, మాకు చెప్పిన పాఠమంతా పల్లెమాటల్లో చెప్పింది.

“గీ పిల్ల చేసిందేం లేదమ్మా. గిది తల్లి కడుపుల ఉన్ననాడే అయిపోయిన ముచ్చట” అంది చివరికి.

అత్తమ్మ చూపు నా మీది నుంచి లేచి అమ్మ మీద వాలింది. అమ్మ దాన్ని పట్టించుకోలేదు. ఏ నెలలో అని మేడంను అడిగింది. ప్రశ్న అడిగిన పిల్లను చూసి మురిసినట్టే మురిసి, ఐదో నెల చాలా ముఖ్యమని మేడం చెప్పింది. అమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

“ఐదో నెలల నేను పత్తిచేన్ల పురుగుల మందు కలిపిన” అంది. “చేత్తోనే కలిపిన.”

మేడం బస్సు వేళయిందని సంచి తీసుకొని లేచింది. నన్ను విడిపించిన మాటే అమ్మను కట్టేసింది. ఆ తర్వాత అమ్మ మనిషిలా లేదు. కంచం ముందు కూర్చొని మెతుకులు కెలికేది. పక్కింటి పసిపిల్లను ఎత్తుకోవడం మానేసింది. నా ముఖం చూసి మాట్లాడేది కాదు. నా బాధ నేను ఎట్లాగో మింగుతున్నాను, అమ్మను చూడటమే నావల్ల కాలేదు.

మేడం ఊరుకోలేదు. ఒక సెలవు రోజు అమ్మను కాలేజీకి రప్పించి, స్టూలు మీద కూర్చోబెట్టి మైక్రోస్కోపులో చూడమంది. అమ్మకు ఒక కన్ను మూసి ఒక కన్నుతో చూడటం రాలేదు. మేడం తన అరచేత్తో అమ్మ కన్ను మూసి పట్టుకుంది. అండాశయం స్లైడులో గులాబీ రంగు గుండ్రటి చుక్కలు కనిపించాయి. రాణి కడుపులోనైనా కూలిమనిషి కడుపులోనైనా ఇవి ఇట్లాగే పుట్టి, ఇట్లాగే లక్షల్లో పోతాయని మేడం చెప్పింది. మందు కలిపిన వాళ్ల బిడ్డలకు పిల్లలున్నారు, చేను మొఖం చూడని వాళ్ల బిడ్డలకూ నాలాగే అయింది. అమ్మ అంతా విన్నది. విని ఒక్కటే అడిగింది.

“నా బిడ్డయి మాత్రం మందుకే పోయినయా, మేడం?”

మేడం ఇంకో స్టూలు లాక్కొని అమ్మ పక్కన కూర్చుంది. “తెల్వదక్కా” అంది.

నాకు ఒళ్లు మండింది. కాదు అని ఒక్క మాట అంటే ఆమె సొమ్మేం పోయింది? అమ్మను బస్టాండులో కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి అదే అడిగేశాను. ఆమె కోప్పడలేదు.

“అబద్ధం చెప్తే మీ అమ్మ నమ్మదు బిడ్డా. నమ్మినట్టు చేసి నన్ను అడుగుడు బంద్ చేస్తది. ఇగ ఒక్కతే మోస్తది” అంది. తర్వాత తలుపుకు తాళం వేస్తూ, “ఆ రోజు సగం మాట చెప్పి లేచొచ్చింది నేను” అని తనలో తాను గొణుక్కుంది.

అమ్మ అడగడం బంద్ చేయలేదు. కలుపు మొదలైనప్పుడో, పత్తి ఏరేటప్పుడో ఉన్నట్టుండి మా ఇంటికొచ్చి, నాతో ఫోన్ కలిపించుకొని మేడంను అదే ప్రశ్న అడిగేది. మేడం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేది. ఆ మధ్య ఏం చదివిందో చెప్పేది, ఇంకా తెలియదనేది, తర్వాత ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఫోన్ పెట్టాక అమ్మ అన్నం తినేది. రిటైరయ్యాక కూడా ఆ ఫోన్లు ఆగలేదు. పోయిన నెల కూడా మాట్లాడారు. ఇంతమందికి పాఠం చెప్పిన మనిషి, మా అమ్మ అడిగిన ఒక్క ప్రశ్నను అన్నేళ్లు విసుక్కోకుండా దగ్గర పెట్టుకుంది. ఆమె రుణం నేను తీర్చుకోలేను.

ఆ మధ్యాహ్నం అమ్మను వెంటబెట్టుకొని రామన్నపేట వెళ్లాను. సమాధి దగ్గర అందరితో పాటు అమ్మ కూడా పిడికెడు మట్టి వేసింది. ఏడవలేదు. తిరుగు ప్రయాణంలో ఆటోలో కూర్చున్నాక అడిగింది.

“ఇగ నేను ఎవల్ని అడగాలె, బిడ్డా?”

మందుకు కాదమ్మా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేకపోయాను. అమ్మ చేయి పట్టుకుందామంటే ముఖం అటు తిప్పుకుంది.

రోడ్డు పక్క పత్తిచేనులో ఒకతను వీపున డబ్బా తగిలించుకొని మందు కొడుతున్నాడు. గట్టు మీద డ్రమ్ము దగ్గర ఒక చిన్న వయసు కోడలు, కుచ్చిళ్లు దోపుకొని, మోచేతి దాకా ముంచి కలుపుతోంది. అమ్మ డ్రైవర్ భుజం తట్టి ఆపించింది. నేను దిగేలోపే చేనులోకి నడిచింది. ఆ పిల్ల చేయి పైకి తీసి, ఎవరన్నట్టు చూసింది. అమ్మ ఆమెను ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. పక్కనున్న బిందె వంచి, ఆ చేతిని రెండు చేతులా పట్టుకొని కడగడం మొదలుపెట్టింది. రోడ్డు మీద ఆటో హారన్ కొడుతూనే ఉంది. అమ్మ ఇంకా కడుగుతూనే ఉంది.