మొహం కడిగిన కంకర

సంచీలోంచి తీసిన కంకర ఆమె అరచేతికి అంటలేదు. క్రషర్ నుంచి వచ్చిన రాయిని పట్టుకుంటే, పిండిలో చెయ్యి పెట్టినట్టు తెల్లబడాలి. ఇది తుడిచిన అద్దంలా ఉంది.

రోడ్ల ల్యాబులో ఆమెను జల్లెడమ్మ అంటారు. కంకరనే కాదు, మాటను కూడా జల్లించందే నమ్మదని ఆ పేరు. సంచీ తెచ్చినవాడు సొంత అక్క మొగుడు. ఊరి బయట గుట్ట పక్క క్రషర్ అతనిదే. కొత్త తారు రోడ్డుకు ఆ రాయి పాసైతే క్రషర్ తిరుగుతుంది, లేకపోతే మూతపడుతుంది. బంధుత్వం ఇదీ అని ఆమె ముందే ఇంజినీరుకు చెప్పింది. “నీ వాళ్లని నీకంటే గట్టిగా ఎవరు పరీక్షిస్తారు, కానివ్వు,” అన్నాడాయన.

“రాళ్లకి స్నానం చేయించారా బావా?”

“పరీక్షకెళ్లేవాళ్లు మొహం కడుక్కోరా మరదలా? బకెట్లో వేసి రుద్ది రుద్ది కడిగించా,” అన్నాడు గొప్పగా.

ఆమె నవ్వలేదు. అప్పటికప్పుడు అతని వెంట క్రషర్ దగ్గరికి వెళ్లింది. కుప్పను పారతో లోపలిదాకా తవ్వించి, దుమ్ముతో సహా మరో సంచీ నింపింది. బావ ముఖంలో నవ్వు అక్కడే పోయింది.

రెండు రకాల రాయినీ వేడి చేసి, తారు పట్టించి, రెండు గాజు పాత్రల్లో విడివిడిగా వేసి, నీళ్లు పోసి వేడినీళ్ల తొట్టిలో పెట్టింది. తెల్లారేసరికి తారు రాయిని వదలకుండా ఉంటే సరే. వదిలిందంటే మొదటి వానలకే రోడ్డు గుంటలు పడుతుంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. “ఏమే, నీకు రాయెక్కువా, నేనెక్కువా?”

“రాయి నీళ్లలో ఉందక్కా. రేపటిదాకా నన్నేం అడక్కు.”

“నాకు ముద్ద దిగడం లేదే.”

“ఇక్కడ మాత్రం దిగుతోందా?”

మర్నాడు ఆమెకన్నా ముందే బావ ల్యాబు గుమ్మంలో ఉన్నాడు. పాత్రలు బయటికి తీసింది. కడిగిన రాయి కాకిలా నిగనిగలాడుతోంది. కడగని దాని మీద తారు పెచ్చులూడి, రాయి తెల్లగా పళ్లికిలిస్తోంది.

“ఇది నువ్వు తప్ప ఇంకెవరు చూశారు?” గొంతు తగ్గించాడు.

“వాన చూస్తుంది బావా.”

అతను కడగని రాయి ఒకటి తీసుకుని గోటితో గీకాడు. తారు ఊడి వేలికంటుకుంది. ఈలోగా ఆమె కుప్ప రాయికి ‘ఫెయిల్’ అని రాసి సంతకం పెట్టేసింది.

“రాయి మంచిదే. దుమ్ముతోనే వచ్చింది చిక్కు. మొత్తం కడిగి, ఆరబెట్టి పోయండి. మళ్లీ పరీక్ష చేస్తా. ఈసారి సంచీ మీరు తేవద్దు, కుప్పలోంచి నేనే తీసుకుంటా.”

“గుట్టంత కుప్పకి స్నానం చేయించమంటావు.”

“సంచీకి చేయించారుగా.”

అతను వేలికంటిన తారును గుమ్మానికి తుడిచాడు. తర్వాత ఫోన్ తీశాడు.

“క్రషర్ ఆపండ్రా. మూసెయ్యడానికి కాదు. మన బోరు పైపు కుప్పదాకా అందుతుందేమో చూడండి.”