మాట అన్నాక ఆగడం

బాబు మెడ కింద చెయ్యి పెడితే తడిగా తగిలింది. చెమట పట్టింది, జ్వరం దిగుతోంది. మందు తియ్యటి వాసన ఇంకా గదిలో ఉంది. వాడి పక్కనే కూర్చుని రాస్తుంటే, నాకు ఇంగ్లీషు నేర్పిన పైడమ్మ సయామ గుర్తొస్తున్నారు. టీచరమ్మను ఇక్కడ బర్మీసులో సయామ అంటారు.

బర్మా దేశం బయటి ప్రపంచానికి తలుపులు మూసుకున్న ఏళ్లవి. రంగూనుకు కొత్త పుస్తకాలు వచ్చేవి కావు. లత అనే పేటలో మేడమీది తన ఇంట్లో, కాలేజీ రోజుల్లో కంఠస్థం చేసిన పాత ఇంగ్లీషు నాటకాల మాటలనే సయామ మాకు పాఠంగా చెప్పేవారు. తరతరాలుగా జనం గుర్తుపెట్టుకున్న మాటలు చాలావరకు చిన్నవేనని, పసివాళ్లకు తెలిసిన పదాలేనని అనేవారు. వేషం కట్టి అలాంటి మాట అన్నాక కదలకుండా నిలబడాలి. అదే నాకు చేతనయ్యేది కాదు. భయస్తురాలిని. మాట పూర్తవగానే నవ్వేదాన్ని, జడ సర్దుకునేదాన్ని, చాల్లేదేమోనని ఇంకేదో కలిపేదాన్ని. ఓసారి చనిపోయే రాణి వేషం నా వంతు. చివరి మాట చెప్పి కూలబడి, నేలమీద నుంచే, "బాగా చెప్పానా సయామా?" అన్నాను.

"సచ్చిపోయినావు గదే, ఇంకేటి మాటాడతావు?"

"దయ్యమై లేచి మరీ సంజాయిషీ చెప్తాది సయామా" అంది నా స్నేహితురాలు.

సయామ నవ్వుతూనే నన్ను లేపారు. "మాట అనీసి ఆగమ్మా. ఇనీవోడికి కూసింత జాగా ఒగ్గు."

ఇప్పుడు మళ్లీ జనం సైనిక ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఇంటర్నెట్ ఆపేశారు, వీధి చివర సైనికులు. మా ఆయన రోజూ ఊరేగింపులకు వెళ్తున్నాడు. ఈ ఉదయం బాబు ఒళ్లు కాలిపోతుంటే, వాడిని ఎత్తుకుని పబేడాన్ పేటలోని డాక్టరు దగ్గరికి బయల్దేరాను. అడ్డుకర్ర దగ్గర సైనికుడు ఆపి బర్మీసులో అడిగాడు. "ఎక్కడికి? నీ మొగుడేడి?"

"బిడ్డకు జ్వరం" అన్నాను.

ఆయన పనికెళ్లాడని, ఏ పనో, ఎప్పుడొస్తాడో, అడగనివన్నీ నోటిదాకా వచ్చాయి. ఎక్కడ తడబడినా ఆయన దొరికిపోతాడు. ఆగాను. సైనికుడు నన్ను చూశాడు, బాబును చూశాడు. బాబు మూలిగాడు. నేను చూపు తిప్పలేదు. కాసేపటికి కర్ర పైకి లేచింది.

"వెళ్లక్కా" అన్నాడు.

సాయంత్రం ఆయన క్షేమంగా ఇల్లు చేరాడు. అంతా విని, "నువ్వా? రెండు మాటలతో ఊరుకున్నావా? నాను నమ్మాలేటి?" అన్నాడు. నవ్వి నవ్వి నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

సయామ ఇప్పుడు లేరు. ఉంటే ఆవిడా నమ్మేవారు కాదు. ఆవిడ నేర్పిన ఇంగ్లీషు మాటలు సగం మరిచిపోయాను. సైనికుడి ముందు నిలబడ్డ ఆ నిలుపు మాత్రం ఇంకా నా మోకాళ్లలో ఉంది.