ప్రార్థనలో పడ్డ విమానం

పోర్ట్‌బ్లెయిర్‌లో పడౌక్ కుర్చీల్లో చేరగిలబడే పెద్దమనుషులకి తెలియదు గానీ, వాళ్ల వీపుకి తగిలే ఆ నునుపు కేథరినమ్మ చేతిది. జంగ్లీఘాట్‌లో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో వడ్రంగులు ఆ ఎర్రచెక్కని కోసి, బిగించి, బీడీ ముట్టించుకుని వెళ్లిపోయేవారు. ఆ తర్వాత ఉప్పుకాగితంతో రుద్ది, లక్క పాలిష్ పూసి, ఆరాక మళ్లీ రుద్దే పని ఆడవాళ్లది. పెళ్లైన కొత్తలో అందులో చేరిన కేథరినమ్మ జుట్టు నెరిసేదాకా రుద్దింది. సరుకు బాగుందని కొనేవాళ్లు మెచ్చుకుంటే యజమాని వడ్రంగిని ముందుకు తోసేవాడు. ఆ మహానుభావుడు సిగ్గులేకుండా పళ్లికిలించేవాడు. కేథరినమ్మ పక్కనే పాలిష్ గుడ్డ పట్టుకుని నిలబడి కూడా నోరు విప్పేది కాదు. అడిగి పుచ్చుకునే మెప్పు ఆమెకి అక్కర్లేదు. దానంతట అదే రావాలి. అదేమో వచ్చేది కాదు.

ఒకసారి హేవ్‌లాక్ దీవిలో రిసార్టు మంచాలకి పాలిష్ పెట్టడానికి వెళ్లింది. మధ్యాహ్నం జెట్టీ గట్టు మీద కూర్చుని అన్నం తింటుంటే, ఆకాశంలోంచి ఓ చిన్న విమానం దిగివచ్చి నీళ్ల మీద కూర్చుంది. దాని కాళ్ల చోట రెండు పడవలున్నాయి. కేథరినమ్మ ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. వాళ్ల తాతముత్తాతలు శ్రీకాకుళం ఒడ్డున పడవల మీద బతికినవాళ్లు. అంత పెద్ద యంత్రాన్నీ మోస్తున్నది చివరికి పడవలేనని చూసి ఆమెకి గర్వం కలిగింది. కొన్నాళ్లకి ఆ విమానం రావడం మానేసింది. ఊరంతా మరిచిపోయింది, ఆమె తప్ప.

పని మానేసి ప్రోతరాపూర్‌లో ఇంటిపట్టున ఉండడం మొదలయ్యాక, జిరాక్సు షాపులో ఆ విమానం కొలతల బొమ్మ తీయించుకుని వచ్చింది. అసలు విమానంలో అడుగున్న చోట తన విమానంలో అరంగుళం. అదీ లెక్క. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి రెండడుగులు దాటాయి. అన్నం తినే బల్ల కాస్తా విమానాశ్రయం అయిపోయింది.

మొగుడు రాబర్ట్ ఆటో నడుపుతాడు. ఇంటికి రాగానే కంచం ఒళ్లో పెట్టుకుని కింద కూర్చునేవాడు.

"నా సొక్కాకి బొత్తాం లేదు గానీ దాని తోకకి మాత్రం మూడోసారి పాలిష్" అనేవాడు.

"మీరు ఎగరరు కదా" అనేది ఆమె, తల ఎత్తకుండానే.

మొదట మొత్తం పడౌక్‌తోనే చేసింది. పైన రెక్కల బరువుకి అది పడవల మీద నిలబడలేక తోక మీద చతికిలబడింది, అలిగిన పెళ్లికొడుకులా. రాబర్ట్ కడుపు పట్టుకుని నవ్వాడు. కేథరినమ్మ ఆ రెక్కల్ని పీకి పొయ్యిలో పెట్టింది. అగ్గిపుల్లలకి వాడే పపీతా అనే అడవిచెట్టు చెక్క తెప్పించింది. దూదిలా తేలిగ్గా ఉంటుంది, గోరు తగిలినా గాటు పడుతుంది. దానితో మళ్లీ రెక్కలు చేసింది. కిటికీలకి రాబర్ట్ కొత్త చొక్కా డబ్బా మీది ప్లాస్టిక్ కోసింది. వేలితో తడితే ముందు పంకా గిర్రున తిరిగేది. పడవలు మాత్రం పడౌక్‌వే, నీళ్లోంచి అప్పుడే తీసినట్టు మెరుస్తూ. రంగు ఎక్కడా వెయ్యలేదు. మంచి చెక్కకి రంగెయ్యడమంటే మొహానికి ముసుగు వెయ్యడమేనని ఆమె మతం.

అయిపోయాక నలుగురికీ చూపించాలనిపించింది. వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘంలో కోత పండుగ దగ్గర పడింది. ఆరాధన అయ్యాక గుడి ముందు పందిట్లో ఆడవాళ్లు కుట్టుపనులు, గవ్వల దీపాలు బల్ల మీద పెట్టి చూపిస్తారు. కేథరినమ్మ ఆ బల్ల మీద ఒక మూల అడిగి ఉంచుకుంది. కానుకగా పెరట్లోని అరటిగెల వేరే పట్టుకుంది.

ఆటో గుడి గేటు దగ్గర ఆగిందో లేదో వాన దంచింది. పందిరి కారిపోతోంది. ఆమె విమానాన్ని కొంగు కింద దాచుకుని గుడిలోకి పరిగెత్తింది. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. చెయ్యి ఆనించే చోటు లేదు. ఒక్క ప్రసంగ పీఠం ముందు కానుకల మెట్ల మీద, గుమ్మడికాయలకీ కొబ్బరికాయలకీ నడుమ కాస్త జాగా కనిపించింది. రాబర్ట్ అందించిన అరటిగెలతో పాటు దాన్నీ అక్కడ పెట్టింది, వాన తగ్గగానే తీసేద్దామని. ఇంతలో పాట మొదలైంది. అందరూ లేచి నిలబడ్డారు. ఇక ముందుకి వెళ్లడానికి దారి లేదు.

పాస్టరుగారు కొత్తాయన. సముద్రం అవతలి ఒడ్డు నుంచి వచ్చి కొన్ని నెలలే అయింది. కానుకల వైపు చూసి ఆగిపోయాడు.

"ఇది ఎవరు తెచ్చారు?"

"మా కేథరిన్ దీదీ అయ్యగారూ, తన చేత్తో చేసింది" అన్నాడు సంఘపెద్ద దానయ్య.

పాస్టరుగారు విమానం ముందు మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. లేచి, మనమంతా చెట్టున కాసింది తెస్తే ఈ అమ్మ తన చేతుల్లో పండింది తెచ్చిందని, ఇంత నేర్పు తాను ఎక్కడా చూడలేదని, గొంతు నిండా చెప్పాడు. గుడి గుడంతా "స్తోత్రం" అంది. జన్మంతా ఎదురుచూసినది ఆ వానలో వచ్చి ముందు నిలబడితే కేథరినమ్మ ఏం చేస్తుంది? లేచి అందరికీ దణ్ణం పెట్టింది. పాస్టరుగారు చేతులు చాచి, ప్రార్థన చేస్తూ ఆ కానుకలన్నిటినీ దేవుడికి అప్పగించాడు.

మగవాళ్ల వైపు నుంచి రాబర్ట్ మెడ చాచాడు. "ఏటే, ఇచ్చేశావేటి?"

"ప్రార్థనలో మాటలేటండీ" అని ఆమె కళ్లు మూసుకుంది. మూసుకున్నాక గానీ చేసిందేమిటో తెలిసిరాలేదు. ప్రార్థనలో పడినది ఇంటికి తిరిగి రాదు, వేలానికి వెళుతుంది. తెచ్చిన ఇంటివాళ్లు తమ వస్తువుకి వేలంపాట పాడకూడదని ఆ సంఘంలో పాత కట్టుబాటు. ఇవ్వలేదని చెబుదామంటే, ఇప్పుడే కదా దణ్ణం పెట్టి మెప్పంతా మూటగట్టుకుంది!

ఆరాధన అయ్యాక వరండాలో వేలం పెట్టారు. కోడిపుంజు వెళ్లింది, గుమ్మడికాయలు వెళ్లాయి, అరటిగెల వెళ్లింది. దానయ్య విమానాన్ని బల్ల మీద పెట్టాడు.

"అయ్యగారికి సెప్పేస్తానే" అన్నాడు రాబర్ట్, ఆమె చెవిలో.

"సెప్పారంటే నేనీ గుడికి మళ్లీ రాను. పరువు పోద్ది."

"మరి ఇమానం పోద్దే."



జంగ్లీఘాట్‌లో విమానం టికెట్ల దుకాణం పెట్టుకున్న ప్రసన్న కుమార్ ముందుగా పాట పాడాడు. "దారం కట్టి దుకాణంలో ఏలాడదీస్తాను భయ్యా! ఫ్యాన్ గాలికి గిరగిరా తిరగాలి."

నీటి మీద కూర్చునేదానికి ఉరి వేస్తాడట! కేథరినమ్మ పళ్లు బిగించింది.

పాటల బృందానికి పెద్ద ఎవాంజలిన్ అంతకన్నా ఎక్కువకి పైపాట పాడింది. వాళ్లింటి షోకేసు సంగతి ఊరందరికీ తెలుసు, కప్పులు, బొమ్మలు, ఎవరూ తాగని టీ సెట్టు. "నాకే. మా షోకేసులో పెడతాను."

"పడుతుందా దీదీ?" అన్నాడు దానయ్య.

"ఎందుకు పట్టదు? కింద ఈ రెండు దుంగలూ తీయించేస్తే సరిపోద్ది" అంటూ ఎవాంజలిన్ విమానాన్ని ఒక రెక్క పట్టుకుని పైకి ఎత్తింది.

"రెక్క ఒదులు!"

వరండా ఉలిక్కిపడింది. కేథరినమ్మ కుర్చీలు తోసుకుంటూ వచ్చి, రెండు చేతులూ పడవల కింద పెట్టి, చంటిపిల్లని అందుకున్నట్టు అందుకుంది.

"దుంగలంట! ఇది నేనివ్వలేదు. వానకి తడుస్తుందని అక్కడ పెట్టాను. మా ఇంటి కానుక అరటిగెల. ఇది కాదు."

దానయ్య గడ్డం గోక్కున్నాడు. "మరి అయ్యగారు పొగిడితే లేచి దణ్ణం పెట్టావు కదా దీదీ?"

"పెట్టాను. నా బతుక్కి మొదటిసారి ఒకరు నా పని చూసి మంచి మాటన్నారు. కూకోమంటావేటి?"

ఎవరో కిసుక్కుమన్నారు. అది వరండా చివరిదాకా పాకింది. కేథరినమ్మ మొహం పడౌక్ కన్నా ఎర్రగా అయింది కానీ చేతులు మాత్రం వదల్లేదు.

"ప్రార్థన సేశాక ఎనక్కి తీసుకుంటారా ఎవరైనా?" అంది ఎవాంజలిన్.

"నేను తీసుకుంటాను. రేపట్నించి ఏడాది పొడుగునా సెప్పుకోండి."

అందరూ పాస్టరుగారి వైపు చూశారు. ఆయనకీ నవ్వు ఆగడం లేదు. "ఇవ్వనిదాన్ని దేవుడు లాక్కోడమ్మా. కానీ నేను చేసిన ప్రార్థన మాటేమిటి?"

"అది ఉంచేసుకుంటానండి" అంది కేథరినమ్మ. "ఇమానం ఒక్కటే ఇవ్వలేదన్నాను."

వాన వెలిసింది. రాబర్ట్ పందిట్లో బల్లని తన తువ్వాలుతో తుడిచాడు. కేథరినమ్మ విమానాన్ని దాని మీద నిలబెట్టి, ముక్కు గేటు వైపుకి తిప్పి, పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. పండుగ బిర్యానీ తిని, ఆకులు ఎత్తేసి మొదట వచ్చినవాళ్లని వచ్చినట్టే వెనక్కి పంపింది.

"బిర్యానీ సేతులతో రావద్దు. కుళాయి అక్కడుంది. కడుక్కుని, తుడుసుకుని రండి."

తిట్టుకుంటూ వెళ్లారు, నవ్వుకుంటూ వచ్చారు. ఆ కుళాయి దగ్గర అంత వరస ఏ పండుగకీ లేదు. వంగి చూసినవాళ్లు రెక్కల్ని, కిటికీల్ని చూశారు. ప్రసన్న కుమార్ పడవల్ని చూసి "వాహ్" అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని దారం సంగతి ఆమె క్షమించేసింది.

అందరి తర్వాత ఎవాంజలిన్ వచ్చింది, చేతులు వెనక్కి కట్టుకుని. చాలాసేపు చూసింది.

"పంకా తిరుగుద్దా?"

కేథరినమ్మ ఆమె చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. శుభ్రంగా ఉన్నాయి.

"తిప్పు. మెల్లగా."