చర్చిలో పంచిన కళ్లజోళ్లు

వర్లీన్ రాహ్మింగ్ చేపలవేటకొచ్చే అతిథుల లాడ్జి వంటింట్లో ఏళ్ల తరబడి శంఖుమాంసం తరిగి తరిగి, చివరికి గైడ్‌గా పడవ గడ చేతపట్టింది. ఆండ్రోస్ దీవి చుట్టూ మోకాటిలోతు నీళ్లలో తిరిగే బోన్‌ఫిష్ అనే వెండిరంగు చేపను గైడ్ ముందు చూసి చెప్పాలి, అతిథి గాలం విసరాలి. అలాంటిది ఈమధ్య వర్లీన్‌కి నీటి తళతళ తప్ప ఏమీ కనబడడం లేదు. ఇవాళ కూడా చేప పడకపోతే మళ్లీ వంటింటికేనని యజమాని మాక్సీ తేల్చి చెప్పాడు.

"అదిగో, నీ ముందు నుంచే పోయింది కదమ్మాయ్!" అంది పడవలో ఉన్న ముసలి అతిథి హాన్నా.

వర్లీన్ కళ్లజోడు తీసింది. నీటి తళతళను ఆపే పోలరైజ్డ్ అద్దాలని చెప్పి మాక్సీ చర్చిలో గైడ్లందరికీ పంచిన జోళ్లలో ఒకటి ఇది. పాస్టర్ ప్రార్థించి దీవించినదాన్ని పరీక్షించడం తప్పనుకుని ఎవరూ పరీక్షించలేదు. ఆమె హాన్నా జోడు అడిగి తీసుకుని, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. నీటిమీద తుళ్లే వెలుగు అడ్డంగా ఊగుతుంది. అసలైన అద్దం దాన్ని ఆపి, నిలువుగా ఊగేదాన్నే రానిస్తుంది. అలాంటివి రెండు ఇలా నిలువుగా, అడ్డంగా కలిస్తే చీకటి కమ్మాలి. ఇక్కడ ఏమీ కమ్మలేదు. మాక్సీ ఇచ్చినవి రంగు పూసిన ఉత్త గాజు.

"థూ! దేవుడి పేరు చెప్పి ఈ చెత్త అంటగడతాడా?" అంటూ ఆమె తన జోడు పడవ అడుగున పడేసింది.

హాన్నా జోడు తాను పెట్టుకోగానే తళతళ చెరిగిపోయి, అడుగున ఇసుక, దానిమీద జారుతున్న చేప నీడ తేటగా కనిపించాయి.

"మీకు కనపడకపోయినా ఫర్వాలేదమ్మా. ఎడంపక్కకి విసరండి. ఇంకాస్త దూరం. ఆఁ, ఇప్పుడు లాగండి!"

చేప పడింది.

రేవులో మాక్సీ చేతులు చాచి ఎదురొచ్చాడు. "చూశావా పిల్లా, నా కళ్లజోడు మహిమ! ఫోటో తీద్దాం రా."

హాన్నా జోడు ఇంకా వర్లీన్ కళ్లకే ఉంది. ఆమె మాక్సీ మొహంలోకి చూస్తూ మెడ బాగా పక్కకి వాల్చింది. అతను పెట్టుకున్న కళ్లజోడు అద్దాలు ఆమె కంటికి బొగ్గులా నల్లబడ్డాయి. అతనివి మాత్రం అసలైనవే.

"ఆదివారం నీ జోడు పెట్టుకునే రా బాస్. పాస్టర్‌గారి ముందు, అందరి చేతా ఈ అసలు జోడు పెట్టించి, ఇలాగే మెడ వాల్పించి చూపిస్తాను."

మాక్సీ గబుక్కున కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.